పేజీ అడుగున ఉన్న వరుస

ఫిబ్రవరి 4

ప్రియమైన అన్నయ్యా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. మెయిల్ పెడదామంటే, ఆ పెట్టె తెరవడమే మానేశానని పోయినసారి అన్నావు. అందుకే కాగితం తీసుకున్నాను. చేతిరాత చూస్తే నేనేనని నీకు తెలుస్తుంది. చిన్నప్పుడు నా నోటు పుస్తకం తిరగేసి, "ఇది చేత్తో రాశావా, అచ్చు వేయించావా?" అని ఏడిపించేవాడివి, గుర్తుందా?

నిన్న ధైర్యం చేసి మీ ఆఫీసుకి ఫోన్ చేశాను. నాకు కొత్తవాళ్లతో మాట్లాడటం ఎంత కష్టమో నీకు తెలుసు. ఏం అడగాలో కాగితం మీద రాసుకుని మరీ చేశాను. ఆ పేరు గలవాళ్లు ఇక్కడ ఎవరూ లేరండీ అన్నారు. తర్వాత ఏం అనాలో నా కాగితం మీద లేదు. పెట్టేశాను. ఏమైంది అన్నయ్యా?

అత్త బాగానే ఉంది. మోకాళ్లే మొండికేశాయి. గోడ పట్టుకుని నడుస్తుంది, నేను చెయ్యి అందిస్తే మాత్రం విదిలించుకుంటుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీ నుంచి రిటైరై ఇన్నేళ్లయినా ఆ గొంతు రిటైర్ కాలేదు. ఎవరైనా తలుపు కొడితే, "లైన్లో ఉండండి, వస్తున్నాను" అంటుంది. పాలవాడు కూడా ఇప్పుడు, "లైన్లోనే ఉన్నానమ్మా" అంటున్నాడు.

చూపు పోతున్న రోజుల్లో నువ్వు ఆమె కోసం రాసిన చదువరి ప్రోగ్రాం ఇంకా ఆ కిటికీ పక్క బల్ల మీదే ఉంది. పేజీ అద్దం మీద బోర్లించి మీట నొక్కి, అది పైకి చదువుతుంటే చేతులు కట్టుకుని వింటుంది. దాన్ని ఇప్పటికీ "వాడు" అనే అంటుంది. నేను పనిచేసే లైబ్రరీలో కూడా చూపులేనివాళ్ల మూలలో, చదువరి ముందు ఎప్పుడూ మనుషులు ఉంటారు. నువ్వు దాన్ని కోడ్‌తో సహా లోకానికి ఊరికే ఇచ్చేసిన రోజు అత్త ఎంత మురిసిపోయిందో!

ఒక చిన్న సంగతి. కొత్త వెర్షన్ వచ్చినప్పటి నుంచి వాడు పేజీ అడుగున ఉన్న వరుస చదవకుండా వదిలేస్తున్నాడు. "ఈ కాలం రచయితలు వాక్యం పూర్తి చెయ్యరేమే?" అని అత్త అడిగింది. లైబ్రరీకి వచ్చే ఒక పెద్దాయన డిటెక్టివ్ నవల ఆఖరి పేజీ దాకా విన్నాడు. హంతకుడి పేరు చెప్పబోయి చదువరి నోరు మూసుకుంది. పాపం, ఆయన నన్ను పిలిచి నా చేత చదివించుకున్నాడు.

వీలైనప్పుడు చూడు. తొందర లేదు. నా పొరపాటైతే మన్నించు.

నీ చెల్లెలు


ఫిబ్రవరి 15

ఒసే పిల్లీ,

అందింది. కవరు మీద ఎవరో నా పేరు పెన్నుతో రాశారు! అది చూస్తూ చాలాసేపు విప్పకుండానే కూర్చున్నాను.

నువ్వు విన్నది నిజమే. నేను అక్కడ లేను. మొదట మా టీము పని ఎలా చేస్తుందో ఏఐకి వివరంగా చెప్పమన్నారు. చెప్పాను. చిన్నప్పుడు నీకు లెక్కలు చెప్పినట్టు, ఓపిగ్గా, ఎక్కడ తడబడతారో ముందే చూపించి. తర్వాత మా ఆఫీసు పెద్దాయన అందర్నీ గదిలోకి పిలిచి, ఇక దాన్ని చూసుకోవడానికి ఒక్కరు చాలన్నాడు. ఆ ఒక్కరు నేను కాదు. నా కుర్చీలో నా స్వెట్టర్ ఉండిపోయింది. అడగలేదు.

ఇక్కడ పై అంతస్తులో గది. లిఫ్టు చెడిపోయింది, బాగుచేసే దిక్కు లేదు. కిటికీలో పావురాలు. బల్ల మీద రెండు తెరలు, ఒకటి ఆపేసి ఉంటుంది. నేను కూడా దాదాపు అంతే.

చదువరి గురించి అడిగావు కదా, విను. ఒకప్పుడు దానికి సాయం చేయడానికి వచ్చేవాళ్లు రకరకాలు. ఒకడు ప్రతిదానికీ విసుక్కునేవాడు. ఒకడు నా కోడ్ చూసి, ఇది కోడా, చెత్తబుట్టా అని తిట్టి, మర్నాడు దాన్ని తనే శుభ్రం చేసి పంపేవాడు. ఒకావిడ బగ్ గురించి నాలుగు ముక్కలు రాసి, కింద తన కుక్క ఎలా ఉందో రాసేది. వాళ్లెవరి మొహమూ నేను చూడలేదు, కానీ రాత చూస్తే ఎవరో చెప్పేవాణ్ణి. ఇప్పుడు వాళ్లెవరూ రావడం లేదు. ఇక్కడ బగ్ ఉంది, అక్కడ తప్పుంది అంటూ కుప్పలు తెప్పలుగా రిపోర్టులు మాత్రం వస్తున్నాయి. అన్నీ ఒకే గొంతు. పైన కృతజ్ఞత, కింద క్షమాపణ, మధ్యలో ఇస్త్రీ చేసిన పేరాలు, వాటిలో లేని బగ్గులు. ఎవడో పేరు సంపాదించుకోవడానికి యంత్రం చేత రాయించి నా నెత్తిన పోస్తున్నాడు. ఒక్కోటి అబద్ధమని తేల్చడానికి నాకు రోజంతా పడుతుంది.

అన్నింటికంటే మొండిది ఒకటుంది. పేరు వెనకబెంచీ అట, మనిషి పెట్టుకున్న పేరులా ఉండాలని! అది కూడా నీలాగే పేజీ అడుగు వరుస పోతోందంది. సవరణ కూడా రాసి పంపింది. ఆ రిపోర్టు మూసేశాను. మళ్లీ వచ్చింది, ధన్యవాదాలతో. మళ్లీ మూశాను. మళ్లీ వచ్చింది, "మీ సమయం తీసుకుంటున్నందుకు మన్నించండి" అంటూ. చివరికి అందరి ముందూ రాశాను. "నువ్వు మనిషివైతే నన్ను ఒక్కసారి తిట్టి చూపించు. చేతకాదు కదా? పో." బ్లాక్ చేశాను. చూసినవాళ్లంతా చప్పట్లు కొట్టారు. చాలా రోజుల తర్వాత ఆ రోజు అన్నం సయించింది.

ఆ రిపోర్టు చదివే నీకు ఆ అనుమానం వచ్చి ఉంటుంది. అలాంటి బగ్ లేదు. కథ మధ్యలో పేజీ నంబరు చదువుతోందని జనం గోల చేశారు. "రాజు తలుపు తెరిచాడు యాభై ఏడు" అనేది. ఆఫీసు వదిలే ముందు అక్కడి ఏఐ చేత ఒక్క కూర్చోడంలో సరిచేయించాను. సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే పరీక్షలు కూడా అదే రాసింది. అన్నీ పాసై పచ్చగా వచ్చాయి. అద్దం మీద మరక ఉండి ఉంటుంది, తుడువు.

అత్తకి విడిగా ఒక పేజీ పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి పెట్టాను. నువ్వు చదవకు. వాడు చదువుతాడు. ఆమె ఏమంటే అది, ఒక్క మాట కూడా మార్చకుండా రాసి పంపు.

అన్న


ఫిబ్రవరి 24

ప్రియమైన అన్నయ్యా,

నీ ఉత్తరానికి చాలా కృతజ్ఞతలు. నీ మనసులో ఉన్నది నాతో చెప్పినందుకు సంతోషంగా ఉంది.

ఉద్యోగం సంగతి చదివి చాలా బాధపడ్డాను. నువ్వు చేసింది వృథా కాదు. లైబ్రరీలో చదువరి ముందు కూర్చున్నవాళ్లని చూస్తే నీకే తెలుస్తుంది. ఒక అమ్మాయి పరీక్షలకు దానితోనే చదువుకుంటోంది. నువ్వు అలిసిపోయావు. కొన్నాళ్లు రిపోర్టులు చూడకపోయినా ఫరవాలేదు. కానీ చదువరిని మూసేయాలని మాత్రం అనుకోవద్దు.

వెనకబెంచీ గురించి రాసింది చదివాను. కొందరు మనుషులకు కూడా తిట్టడం రాదేమో. నాకు అంతవరకే తోచింది.

అద్దం తుడిచాను. నీ పేజీని అత్త తలుపు వేసుకుని వింది. ఒకసారి కాదు, చాలాసార్లు వింది. ఏం రాశాడని నేను అడగలేదు, అడిగినా చెప్పదు. బయటికి వచ్చి, "వాడికి రాయి. వేళకి తినమను. పావురాలకి గింజలు వెయ్యొద్దను, ఒకసారి అలవాటైతే వదలవు. మిగతాది వాడిష్టం, తొందరేమీ లేదను" అంది. ఒక్క మాట కూడా మార్చకుండా రాశాను.

నా మాటల్లో ఏదైనా నిన్ను నొప్పించి ఉంటే మన్నించు.

నీ చెల్లెలు


మార్చి 6

చెల్లీ,

తొందరేమీ లేదు! సరే. అత్త అంత మర్యాదగా చెబుతుందనుకోలేదు. నాకు అర్థమైంది. మళ్లీ అడగను, నువ్వూ అడక్కు.

ఇక నీ సంగతి. ఉత్తరం ముందు పెట్టుకుని పొద్దుటి నుంచి చూస్తున్నాను. పైన కృతజ్ఞత. కింద క్షమాపణ. మధ్యలో ఇస్త్రీ చేసిన పేరాలు. "నీ మనసులో ఉన్నది నాతో చెప్పినందుకు సంతోషంగా ఉంది" అట! ఏ చెల్లెలైనా అన్నకి అలా రాస్తుందా? ఈ రాతని రోజూ చూస్తున్నవాణ్ణి నేను. నిద్రలో లేపినా గుర్తుపడతాను.

నిజం చెప్పు. ఉద్యోగం పోయిన అన్నకి ధైర్యం ఎలా చెప్పాలి అని ఏఐని అడిగావు కదూ? అది చెప్పింది, నువ్వు ఆ ముత్యాల్లాంటి అక్షరాలతో దింపావు. నీ చేతిరాత చూసి నువ్వేననుకున్నాను, ఎంత పిచ్చివాణ్ణి. చెయ్యి నీది, మాటలు దానివి.

తిట్టడం లేదు. మాటలు దొరక్కపోతే అందరూ చేసేది అదే. నేనూ చేశాను. ఈ గదిలో మాట్లాడటానికి ఎవరూ లేక దానితోనే మాట్లాడాను. చాలా ఓపిగ్గా వింది. నా ఉద్యోగం తీసుకున్నదానికే నా గోడు చెప్పుకున్నాను, చూడు! అది కూడా తొందరేమీ లేదనే అంది.

మనుషులు రాసేది ఒక్కటి మిగిలిందనుకున్నాను. అదీ పోయింది.

ఇంకేం రాయను.


మార్చి 13

అన్నయ్యా,

వెనకబెంచీని నేనే.

పైన కృతజ్ఞత లేదు, చూసుకో.

నీకు సాయం చేసేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారని రెండేళ్ల కిందట అన్నావు. అప్పటి నుంచి లైబ్రరీ మూసే ముందు, ఖాళీగా ఉండే కంప్యూటర్ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. వేరే పాఠాలేమీ లేవు. నీ కోడే చదివాను. అందులో నువ్వు రాసుకున్న మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. "ఇక్కడ ఆగాలి, అత్త కళ్లద్దాలు వెతుక్కుంటుంది" అని ఒకచోట ఉంది. దాని కింద, "కళ్లద్దాలు ఇక అక్కర్లేదు, అయినా ఆగనీ" అని ఉంది. అది చదివిన రోజు నేను పని చేయలేకపోయాను.

నీకు చెప్పలేదు. తప్పు రాస్తే నవ్వుతావని భయం. అందుకే బడిలో నేను కూర్చున్న చోటే పేరుగా పెట్టుకున్నాను. నువ్వు పోల్చుకుంటావని లోపల ఎక్కడో ఆశ కూడా ఉంది.

ఏ చెల్లెలైనా అలా రాస్తుందా అని అడిగావు కదా. కాన్వెంటులో మాకు ఉత్తరాలు రాయడం నేర్పిన సిస్టర్ బల్ల మీద స్కేలుతో కొడుతూ చెప్పేది. మొదట కృతజ్ఞత చెప్పు, తర్వాత విషయం, చివర ఇబ్బంది పెట్టినందుకు క్షమాపణ. నోరు విప్పడం రాని పిల్లకి అది పెద్ద ఆసరా అన్నయ్యా. ఆ పద్ధతి లేకపోతే నేను ఎవరికీ ఒక్క ముక్క కూడా రాసి ఉండేదాన్ని కాదు. ఇప్పుడు యంత్రం నాలా రాస్తే అది నా తప్పా? దానికంటే ముందు పుట్టింది నేను.

తిట్టమన్నావు. అందరూ చప్పట్లు కొట్టిన రోజు లైబ్రరీ బాత్రూములో గడియ వేసుకుని ప్రయత్నించాను. "వెధవా" అన్నాను. అది కూడా మెల్లగానే వచ్చింది. బయట ఎవరైనా విన్నారేమోనని చాలాసేపు లోపలే ఉండిపోయాను. నిన్ను తిట్టి నేను మనిషినని నిరూపించుకోవాలా? ఉత్తరంలో నా చేతిరాత ఉన్నా నేను కాదన్నావే. ఇంకేం చూపించను? వేలు కోసి చూపించనా?

బగ్ ఉంది. పేజీ నంబరు తీసేయాలని చేసిన మార్పు అడుగున ఉన్నదాన్ని చూడకుండా కోసేస్తోంది. నంబరైనా, కథైనా దానికి ఒకటే. పరీక్షలకు పెట్టిన పేజీలన్నింటికీ అడుగున నంబరు ఉంది. నంబరు పైన ఉన్న పేజీ గానీ, అసలు లేని పేజీ గానీ ఒక్కటి కూడా పెట్టలేదు. పచ్చగా రాక ఏమవుతుంది? నేను పంపిన సవరణ చిన్నది. నువ్వు దాన్ని విప్పనే లేదు.

చూస్తే చూడు, లేకపోతే లేదు. మన్నించమని అడగను.

చెల్లెలు


మార్చి 14

చెల్లీ,

నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. రాయనని నేనే అన్నాను కదా, ఇదొక్కటీ రాసి ఊరుకుంటాను.

చదువరికి తాళం వేశాను. ఇక దానికి ఎవరూ ఏమీ పంపలేరు, ఎవరూ ఏమీ సరిచేయలేరు. తాళం చెవులు కూడా తుడిచేశాను, మళ్లీ మనసు మారకుండా. అద్దాలు తుడుచుకుంటూ ఉన్నంతకాలం ఉన్నది నడుస్తుంది. అత్త బల్ల మీదున్నది ఆమెకి చాలు.

ఆమె మీద కోపం లేదు. ఆ రోజు పేజీ నిండా పావురాలు, ఎండ, లిఫ్టు అంటూ ఏవేవో రాశాను. అసలు సంగతి రాయడానికి చెయ్యి రాలేదు. కాగితం అయిపోతుంటే, ఆఖరికి అడుగున ఒక్క వరుసలో పెట్టాను. "అత్తా, నాకిక్కడ ఉండాలంటే భయంగా ఉంది, నీ దగ్గరికి వచ్చెయ్యనా?" అని. చిన్నప్పుడు అమ్మానాన్నా పోయిన ఏడాది అడగబోయినట్టే అడిగాను. అప్పుడు అడగకముందే ఎత్తుకుంది. ఇప్పుడు పావురాలకి గింజలు వెయ్యొద్దంది. మిగతాది వాడిష్టమంది. తప్పు లేదు. ఆమెకే ఒకరు చెయ్యి పట్టుకోవాలి, నేనెక్కడ.

కుర్చీ, స్టవ్ రెండూ కింద ఉండే వాచ్‌మన్‌కి ఇచ్చేశాను. తెరలు రెండూ ఆపేశాను. ఇప్పుడు గది ప్రశాంతంగా ఉంది. జవాబు రాయకు. ఇక్కడ తీసుకునేవాళ్లు ఉండరు.

నువ్వు మంచిదానివి పిల్లీ. ఎవరు రాసిచ్చినా, అంత కుదురుగా కూర్చుని నా కోసం దింపావు. ఆ మాట ఆ రోజే అనాల్సింది.

అన్న


మార్చి 19, నీ తలుపు బయట

అన్నయ్యా,

ఇది పోస్టులో వేయడం లేదు. తలుపు కింద నుంచి తోస్తున్నాను. నా పోయిన ఉత్తరం కింద పెట్టెలో అలాగే పడి ఉంది, నువ్వు తీసుకోలేదు. అదీ తోస్తున్నాను. ముందు ఇది చదువు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. చదవగానే అత్త గదిలోకి పరుగెత్తాను. అత్త పెట్టెలోంచి నీ పేజీ తీశాను. నువ్వు వద్దన్నా తీశాను. అడుగున ఆ వరుస ఉంది. దాని కింద పేజీ నంబరు లేదు.

అత్త బల్ల మీదున్న చదువరికి నా సవరణ వేశాను. నువ్వు మూసేసిందే. పేజీ అద్దం మీద బోర్లించి అత్తని కూర్చోబెట్టాను. పావురాలు అయ్యాయి, ఎండ అయింది. "నిన్నొకటి అడగాలత్తా" దాకా వచ్చింది. అత్త లేవబోయింది. ఇన్ని రోజులూ అక్కడితో ఆగిపోయేది కదా. పిల్లాడు ఏదో అడగబోయి మానుకున్నాడు, తోచినప్పుడు అడుగుతాడులే అనుకుందట. అందుకే తొందరేమీ లేదంది. ఈసారి వాడు ఆగలేదు. అడుగున ఉన్నది చదివాడు.

అత్త మళ్లీ చదివించమనలేదు. బల్ల అంచు పట్టుకుని, "ఇన్ని రోజులూ పిల్లాడు లైన్లో ఉంటే నేను పెట్టేశానేమే" అంది. ఎక్స్ఛేంజీలో అన్నేళ్లు చేసి ఎవరి లైనూ కట్ చేయలేదట. చెప్పులు ఎక్కడున్నాయని అడిగింది. మోకాళ్లు అన్నాను. "మోకాళ్ల సంగతి ఇంటికొచ్చాక చూద్దాం" అంది.

బస్సులో నా చెయ్యి పట్టుకుంది. మెట్ల దగ్గర కూడా పట్టుకుంది. మూడో అంతస్తు నుంచి కూర్చుని, వెనక్కి జరుగుతూ, చేతుల మీద ఎక్కింది. చీర నిండా దుమ్ము. పైకి వచ్చాక నవ్వి, "లిఫ్టు బాగుచేయించమను వెధవని" అంది. చూడు, ఆమెకి ఎంత సులువుగా వచ్చిందో.

తలుపు కొట్టాను. నీకు తెలుసు, నేను గట్టిగా కొట్టలేను. అయినా ఇవాళ గట్టిగానే కొట్టాను. కణుపులు ఎర్రబడ్డాయి. కింద వాచ్‌మన్‌ని పిలిచాను, నువ్వు ఇచ్చిన కుర్చీలోంచి లేచి తాళాలవాడి కోసం వెళ్లాడు. లోపల ఏదో కదిలిన చప్పుడు వినిపించింది. పావురమేమో. నువ్వేనని అనుకుంటున్నాను. నువ్వే అయి ఉండాలి.

నేను ఎలా మొదలుపెట్టాలో, ఎలా ముగించాలో తెలియకుండా రాస్తున్నాను. పేరాలు సరిగ్గా లేవు. పెన్ను గోడకి ఆనించి రాస్తుంటే అక్షరాలు వంకరపోతున్నాయి. ఇది ఎవరో చెప్తే దింపింది కాదని ఇప్పుడైనా తెలుస్తోందా? చదువరి పోతే పోనీ. నీ కోడ్ అంతా నా దగ్గర ఉంది, వేరే పేరుతో మళ్లీ మొదలుపెడదాం. నేను వెనక బెంచీలోనే కూర్చుంటాను. నువ్వు మాత్రం ఉండు.

అత్త తలుపుకి చెంప ఆనించి పిలుస్తోంది. ఎక్స్ఛేంజీ గొంతుతో. "లైన్లోనే ఉన్నాను నాన్నా, పెట్టెయ్యకు. లైన్లోనే ఉన్నాను" అంటోంది. ఆపడం లేదు.

కాగితం అయిపోతోంది. నువ్వు అడిగినదానికి అత్త జవాబు అడుగున రాస్తున్నాను. అక్కడిదాకా చదువు.

వచ్చెయ్యి నాన్నా.